దేహములోని దండోరా

2021వ సంవత్సరము వేసవిలో మా బంధువుల యిండ్లలో ఒక మందుల చీటీ చేతులు మారినది. చేతులు మారినది కాగితము కాదు. ఫోనులో పంపుకొన్న దాని ఛాయాచిత్రము. ఒక పెద్దమనిషి కోవిడ్ వ్యాధితో ఆసుపత్రిలో చేరి, జ్వరము వచ్చిన పదవ దినమున, ప్రాణవాయువు పెట్టవలసిన స్థితిలో నుండగా వైద్యుడు వ్రాసిన చీటీ యది. అందులో డెక్సామెథసోన్ అను మందు ఉన్నది. ఆయన కోలుకొని యిల్లు చేరెను. ఆ చీటీ ప్రాణము నిలిపినదని అందరికిని నమ్మకము కుదిరినది.

కొలది దినములకు వేరొక ఊరిలో ఆయన మేనల్లునికి జ్వరము వచ్చినది. అది రెండవ దినము. ఆయాసము లేదు. "మామయ్యకు పనిచేసిన మందే గదా!" అని యింటివారు ఆ చీటీ చూపి, దుకాణమునుండి మాత్రలు తెచ్చి వేసిరి. మరునాటికి జ్వరము తగ్గినది. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. ఎనిమిదవ దినమున అతనికి ఆయాసము మొదలైనది. రక్తములో చక్కెర మున్నెన్నడును లేనంతగా పెరిగినది. అతడు చాల దినములు ఆసుపత్రిలో నుండి, చిక్కి సగమై తిరిగి వచ్చెను.

వ్యాధి ఒకటే, మందు ఒకటే. ఒకరికి మేలు చేసిన మందు మరియొకరికి ఏల మేలు చేయలేదు? ఒక కుటుంబపు అనుభవముతో శాస్త్రము తేలదు. కాని యీ ప్రశ్నకు వేలకొలది రోగులను పరీక్షించి శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పియున్నారు. ఆ సమాధానము ప్రతి గృహస్థునకును తెలిసియుండవలసినది. నేటి ప్రసంగములో మనము దానిని విచారింతము.

మొదట ఊపిరితిత్తుల నిర్మాణమును గుర్తు తెచ్చుకొందము. మనము పీల్చిన గాలి పెద్ద గొట్టము గుండ, దాని కొమ్మల గుండ, రెమ్మల గుండ పోయి, తుదకు మిక్కిలి చిన్నవైన గాలితిత్తులను చేరును. ఇట్టి గాలితిత్తులు మనలో ఒక్కొక్కరికి 30 కోట్లకు మించి యున్నవి. వాని గోడల నన్నిటిని విప్పి పరచగలిగినచో అది 70 చదరపు మీటర్లకు తక్కువ కాదు. ఒక సామాన్యగృహపు నేల యంతయు కప్పవచ్చును. ఒక్కొక్క తిత్తిని సన్నని రక్తనాళములు వలవలె అల్లుకొని యుండును. గాలికిని రక్తమునకును నడుమ గల గోడ, పలుచని చోట్ల, మన తలవెంట్రుక మందములో నూరవ వంతైనను ఉండదు. అంత పలుచన గనుకనే ప్రాణవాయువు క్షణములో రక్తములోనికి పోవును; బొగ్గుపులుసు వాయువు క్షణములో వెలికి వచ్చును. అంత పలుచన గనుకనే ఆ గోడ చెడిపోవుటయు సులభము. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొని ముందునకు పోదము.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ గాని, కరోనా వైరస్ గాని ఈ గోడలోని ఒక జీవకణములో ప్రవేశించినదనుకొందము. అది ఆ కణము యొక్క సరంజామానే తన పనికి వినియోగించుకొని తనవంటి వానిని వందలకొలది పుట్టించును. కాని ఆ కణము ఊరక చూచుచుండదు. తాను నశించులోపల చుట్టుపట్ల కణములకు వర్తమానము పంపును. పూర్వము పల్లెలో పూరిల్లు అంటుకొన్నపుడు తలారి తప్పెట కొట్టి ఊరిని మేలుకొలుపుచుండెడివాడు. ఆ మోత విని ఇరుగుపొరుగువారు తమ కప్పులను తడుపుకొనెడివారు; కండబలము గలవారు కడవలతో పరుగెత్తుకొని వచ్చెడివారు. దేహములోను అట్టి దండోరాయే జరుగును. ఆ దండోరాను మోయునవి కొన్ని చిన్న మాంసకృత్తులు. వానికి సైటోకైన్లని పేరు. రక్తములో వాని పరిమాణము అత్యల్పము. అవి చేయించు పని మాత్రము అపారము.

వైరస్ కు ఎదురుగా పనిచేయు ఇట్టి దండోరా మనుష్యునికి 1957వ సంవత్సరములో తెలియవచ్చినది. లండను నగరములో మిల్ హిల్ అను చోట నున్న జాతీయ వైద్య పరిశోధనాలయములో అలిక్ ఐజక్స్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడును, జీన్ లిండెన్‌మాన్ అను స్విట్జర్లండు దేశీయుడును కలిసి ఒక ప్రయోగము చేసిరి. కోడిగ్రుడ్డులో పిండమును ఆవరించియుండు పొరను ముక్కలుగా కోసి, వేడిచేత శక్తిహీనమైన ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తో కలిపి యుంచిరి. కొన్ని గంటల పిమ్మట ఆ ముక్కలు నానిన ద్రవమును తీసి, క్రొత్త ముక్కలకు పట్టించిరి. తరువాత ఆ క్రొత్త ముక్కలపై సజీవమైన వైరస్ ను ప్రయోగింపగా అది పెరుగజాలకపోయినది. అనగా, వైరస్ ను చూచిన కణములు ఏదో ఒక పదార్థమును ద్రవములోనికి విడిచినవి. ఆ పదార్థము వైరస్ ను చూడని కణములకు సైతము రక్షణ కల్పించినది. వైరస్ పనికి అడ్డుతగులునది అను అర్థము వచ్చునట్లు ఆ శాస్త్రజ్ఞులు దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టిరి.

ఇంటర్‌ఫెరాన్ వైరస్ ను స్వయముగా చంపదని తరువాతి పరిశోధనలవలన తేలినది. అది పొరుగు కణమును తాకి, దానిలో నిద్రాణమైయున్న వందలకొలది జన్యువులను మేలుకొలుపును. ఆ కణము తన తలుపులు మూసికొనును. వైరస్ యొక్క ప్రతులను నరికివేయు సాధనములను సిద్ధపరచుకొనును. అవసరమైనచో తనలో మాంసకృత్తుల తయారీనే నిలిపివేయును. ఇది పొరుగువారు తమ కప్పులను తడుపుకొనుట వంటిది. ఈ పని సకాలమున జరిగినచో, చాలమందికి జలుబుతోను, రెండు మూడు దినముల జ్వరముతోను వ్యాధి ముగిసిపోవును.

రెండవ తరగతి వర్తమానములు కడవలవారిని పిలుచునవి. ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనునవి వీనిలో ముఖ్యమైనవి. ఇవి మెదడులోని ఉష్ణకేంద్రమును తాకి జ్వరము కలిగించును. రక్తనాళముల గోడలలోని సందులను వదులు చేయును. తెల్లకణములు ఆ సందుల గుండ దూరి, వ్యాధి యున్న చోటికి చేరును. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయమునకు పోయి సి.ఆర్.పి. అను పదార్థమును విస్తారముగా తయారు చేయించును. 2021వ సంవత్సరములో ప్రతి యింటను వినబడిన సి.ఆర్.పి. పరీక్ష ఇదియే. ఆ పరీక్ష వైరస్ ను కొలుచునది కాదు. దేహములో దండోరా ఎంత బిగ్గరగా మ్రోగుచున్నదో కొలుచునది. ఒళ్లునొప్పులు, అరుచి, నిస్సత్తువ, మగత—వీనిలో చాల భాగము వైరస్ నేరుగా కలిగించునది కాదు. మన రక్షకులు పనిలో నున్నారనుటకు అవి గుర్తులు.

ఇంతవరకు అంతయు మన మేలుకే. చిక్కు ఎచ్చట వచ్చుననగా, మంట ఆరినను తప్పెట ఆగనప్పుడు. పూరింటి గోడలు మట్టిగోడలు గదా! కప్పుపై మంట ఆరినను జనము కడవలు కుమ్మరించుచునే యున్నచో గోడలు నాని కూలును. మన గాలితిత్తుల గోడలు మట్టిగోడలకన్నను బలహీనమైనవి. రక్తనాళముల సందులు మితిమీరి వదులైనచో రక్తములోని నీరును, మాంసకృత్తులును గాలితిత్తులలోనికి ఊరును. తెల్లకణములు వైరస్ పై విసరు క్షారతీక్ష్ణమైన పదార్థములు మన సొంత కణములను సైతము కాల్చును. చచ్చిన కణములును, పేరుకొన్న మాంసకృత్తులును కలిసి గాలితిత్తి లోపల జిగురుపొరవలె అంటుకొనును. తిత్తులు ముడుచుకొనిపోకుండ కాపాడెడి సహజమైన జిడ్డుపదార్థము చెడిపోవును. అప్పుడు రోగి ఎంత గట్టిగా పీల్చినను గాలి తిత్తులలోనికి పోదు. పోయినను ప్రాణవాయువు రక్తమును చేరదు. న్యుమోనియా ముదిరి ఊపిరితిత్తులకు గాయమగుట యనగా ఇదియే.

ఈ స్థితిని ఒక ప్రత్యేక వ్యాధిలక్షణముగా గుర్తించినది 1967వ సంవత్సరములో. అమెరికాలోని డెన్వరు నగర వైద్యులు పన్నెండుగురు రోగులను గూర్చి 'లాన్సెట్' పత్రికలో వ్రాసిరి. ఆ పన్నెండుగురికి మూలకారణములు వేరువేరు. కొందరు ప్రమాదములలో గాయపడినవారు. కొందరికి వైరస్ వలన న్యుమోనియా. ఐనను వారి ఊపిరితిత్తులు ఒకే విధముగా బిగుసుకొని, నీరుపట్టియున్నవి. నిప్పు ఏదైనను గోడలు కూలిన తీరు ఒకటేయని దీనివలన తెలిసినది.

ఇట్టి రోగికి శ్వాసయంత్రము పెట్టుదురు. ఆ యంత్రమును నడపుటలో గూడ ఈ దండోరాను మరువరాదని 2000వ సంవత్సరములో రుజువైనది. అమెరికాలో 861 మంది రోగులపై జరిగిన పరీక్షలో కొందరికి పూర్వపు వాడుక ప్రకారము పెద్ద ఊపిరిని, కొందరికి దానిలో సగముగా చిన్న ఊపిరిని యంత్రముచే ఇప్పించిరి. పెద్ద ఊపిరి ఇచ్చినవారిలో నూటికి సుమారు 40 మంది మరణింపగా, చిన్న ఊపిరి ఇచ్చినవారిలో 31 మంది మరణించిరి. చిన్న ఊపిరి పొందినవారి రక్తములో ఇంటర్‌ల్యూకిన్-6 కూడ ఎక్కువగా తగ్గినది. గాయపడిన తిత్తిని సాగదీసినచో అది మరల తప్పెట కొట్టునన్నమాట.

1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజాను మన పెద్దలు కథలుగా చెప్పుచుండెడివారు. ఆ యేడు జూన్ నెలలో బొంబాయి రేవున ప్రవేశించిన ఆ జ్వరము మన దేశములో కోటిమందికి మించి బలిగొన్నది. దానిలోని విపరీత మేమనగా, సామాన్యముగా ఇన్‌ఫ్లుయెంజా పసివారిని, ముసలివారిని పట్టి పీడించును. ఈ జ్వరము ఇరువది మొదలు నలుబది యేండ్ల నడిమి వయస్సువారిని విశేషముగా చంపినది. దీనికి కారణములు పెక్కు చెప్పుదురు. వైరస్ గాయపరచిన ఊపిరితిత్తులలో పిమ్మట బాక్టీరియాలు చేరుటవలన చాలమంది మరణించిరనుట నిస్సందేహము. ఆనాటికి పెన్సిలిన్ లేదు. ఐతే ఆ వైరస్ ను ప్రయోగశాలలో పునర్నిర్మించి, 2007వ సంవత్సరములో కోతులపై పరీక్షించిన శాస్త్రజ్ఞులు మరియొక సంగతి గమనించిరి. ఆ కోతులలో దండోరా క్రమము తప్పినది. ఇంటర్‌ఫెరాన్ కు సంబంధించిన తొలి రక్షణ మందగించినది. తాపము పుట్టించు వర్తమానములు మాత్రము తగ్గక కొనసాగినవి. వాని ఊపిరితిత్తులు నీటితోను, రక్తముతోను నిండిపోయినవి.

2020వ సంవత్సరములో 'సైటోకైన్ తుఫాను' అను మాట పత్రికలలో మారుమ్రోగినది. ఈ మాట కోవిడ్ తో పుట్టలేదు. మూలుగ మార్పిడి చికిత్సలో వచ్చు ఒక ఉపద్రవమును గూర్చి 1993వ సంవత్సరములోనే శాస్త్రజ్ఞులు దీనిని వాడిరి. ఆకట్టుకొను మాటయే గాని, ఇది కొంత దారి తప్పించును. కోవిడ్ రోగుల రక్తములో ఇంటర్‌ల్యూకిన్-6ను కొలిచి చూడగా, రక్తము విషపూరితమైన ఇతర రోగులలో కన్న అది చాలమందిలో తక్కువగానే యున్నది. కనుక విషయ మంతయు మోత యొక్క బిగ్గరతనములో లేదు. ఆ మోత ఎప్పుడు మొదలైనది, ఎప్పుడు ఆగినది అనునదియే ముఖ్యము.

దీనిని స్పష్టముగా చూపిన ప్రయోగ మొకటి 2016వ సంవత్సరములో ప్రకటింపబడినది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో స్టాన్లీ పెర్ల్‌మన్ బృందమువారు ఎలుకలకు సార్స్ వైరస్ ను ఎక్కించిరి. వైరస్ వేగముగా పెరిగిపోయినది. ఇంటర్‌ఫెరాన్ దాని వెనుక ఆలస్యముగా వచ్చినది. ఆలస్యముగా వచ్చిన యీ ఇంటర్‌ఫెరాన్ వైరస్ ను ఆపలేకపోగా, తాపము పుట్టించు తెల్లకణములను గుంపులుగా ఊపిరితిత్తులలోనికి రప్పించినది. ఎలుకలు మరణించినవి. ఇంటర్‌ఫెరాన్ వర్తమానమును గ్రహించు శక్తి లేని ఎలుకలు ఆశ్చర్యకరముగా బ్రదికినవి. ఇక మరి కొన్ని ఎలుకలకు వైరస్ ఎక్కించిన వెంటనే, తొలి గంటలలోనే, ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిరి. అవియు బ్రదికినవి. తొలిగంటలలో ప్రాణము కాపాడిన పదార్థమే ఆలస్యమైనపుడు ప్రాణము తీసినది. పైగా, ఇంటర్‌ఫెరాన్ మోత దీర్ఘకాలము సాగినచో గాయపడిన గోడ తిరిగి అతుకుకొనుటకు సైతము అడ్డుపడునని 2020వ సంవత్సరములో వేరు బృందములు ఎలుకలలో చూపినవి.

ఎలుకల మాట మనుష్యులకు వర్తించునా? ఆ యేడే దీనికి ప్రకృతియే సమాధానము చూపినది. పారిస్, న్యూయార్కు నగరముల శాస్త్రజ్ఞుల నాయకత్వమున జరిగిన పరిశోధనలో, కోవిడ్ వలన ప్రాణాపాయస్థితిలో నున్న 987 మంది రక్తమును పరీక్షించిరి. వారిలో 101 మందికి తమ ఇంటర్‌ఫెరాన్ ను తామే పట్టి బంధించు ప్రతిరక్షకములు ఉన్నవి. ఈ 101 మందిలో 95 మంది పురుషులు. వ్యాధి తేలికగా వచ్చి పోయిన 663 మందిలో ఒక్కరికైనను అవి లేవు. తొలి దండోరా నోరు నొక్కబడినవారిలోనే తరువాతి కల్లోలము మిక్కుటమైనదన్నమాట. సరే, ఇంటర్‌ఫెరాన్ నే మందుగా ఇచ్చినచో? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆసుపత్రులలో చేరిన రోగులకు దానిని యిచ్చి చూచి, మరణములను అది తగ్గింపలేదని 2020వ సంవత్సరము అక్టోబరులో ప్రకటించిరి. ఆసుపత్రి మెట్లెక్కునాటికి తొలి గంటలు గతించిపోయి యుండును గదా!

ఇప్పుడు మన చీటీలోని మందు సంగతికి వత్తము. డెక్సామెథసోన్ 1950-60 నడుమ తయారైన మందు, స్టీరాయిడ్ తరగతికి చెందినది, చౌకయైనది. అది వైరస్ ను ఏమియు చేయదు. అది చేయునదెల్ల తప్పెట మోతను అణచుట. సైటోకైన్లను తయారు చేయించు జన్యువులను అది నిద్రపుచ్చును. దానిని పరీక్షించుటకై 2020వ సంవత్సరము మార్చిలో బ్రిటనులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము నడిపించిన 'రికవరీ' అను మహాపరీక్ష ఆరంభమైనది. చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా విభజించి, 2,104 మంది రోగులకు దినమునకు 6 మిల్లీగ్రాముల వంతున, 10 దినములకు మించకుండ ఈ మందు ఇచ్చిరి; 4,321 మందికి మామూలు చికిత్స చేసిరి. 28 దినములలో ఎందరు మరణించిరో లెక్కించిరి.

ఫలితములను మనము శ్రద్ధగా వినవలెను. శ్వాసయంత్రముపై నున్నవారిలో, మందు లేనిచో నూటికి 41 మంది మరణింపగా, మందుతో 29 మంది మరణించిరి. యంత్రము లేక ప్రాణవాయువు మాత్రము పెట్టించుకొన్నవారిలో, మందు లేనిచో 26 మంది, మందుతో 23 మంది. ఇక ప్రాణవాయువు అక్కరయే లేనివారిలో, మందు లేనిచో 14 మంది, మందుతో 18 మంది. ఈ చివరి వ్యత్యాసము కాకతాళీయము కావచ్చునని గణితజ్ఞులు చెప్పుదురు. కాని ఆ రోగులకు ఈ మందు మేలు చేసినదని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు. కీడు చేయలేదని చెప్పుటయు కష్టమే.

కారణ మిప్పుడు మనకు సులభముగా బోధపడును. పదవ దినమున, ఊపిరి అందని రోగిలో, వైరస్ చాల వరకు తగ్గుముఖము పట్టియుండును. గోడలను కూల్చుచున్నవి కడవలే. అప్పుడు దండోరాను అణచుట ప్రాణరక్షణ. రెండవ దినమున మంట ఇంకను కప్పుపై నున్నది. పొరుగువారు ఇప్పుడే మేలుకొనుచున్నారు. అప్పుడు తలారి చేతిలోని తప్పెటను లాగుకొన్నచో మంటకు తోవ యిచ్చినట్లే. ఆ మాత్రతో జ్వరము తగ్గును, నిజమే. జ్వరము తగ్గినది మంట ఆరినందున కాదు. తప్పెట మోత ఆగినందున. మేనల్లుని యింటివారిని సంతోషపెట్టినది ఆ నిశ్శబ్దమే.

దండోరాలోని ఒక్క గొంతును మాత్రమే ఆపు మందులును ఇప్పుడున్నవి. ఇంటర్‌ల్యూకిన్-6 వర్తమానమును కణములు గ్రహింపకుండ అడ్డుకొను టోసిలిజుమాబ్ అను మందును అదే రికవరీ పరీక్షలో 2021వ సంవత్సరములో చూచిరి. ప్రాణవాయువు అవసరమై, తాపము ఎక్కువగా నున్న రోగులలో మరణములు నూటికి 35 నుండి 31కి తగ్గినవి. ఇదియు వ్యాధి ముదిరినవారికే గాని తొలి దినముల జ్వరమునకు కాదు.

మన దేశములో 2021వ సంవత్సరపు అనుభవము మరియొక పాఠము నేర్పినది. స్టీరాయిడ్లు రక్తములో చక్కెరను పెంచును. తెల్లకణముల శక్తిని తగ్గించును. మధుమేహము మనలో విస్తారము. ఆ వేసవిలో ముక్కు, కన్ను, దవడ యెముకలను తినివేయు మ్యూకర్‌మైకోసిస్, జనులు నల్ల ఫంగస్ అని పిలిచిన వ్యాధి, అదివరకెన్నడును లేనంతగా చెలరేగినది. మే నెలలో కేంద్రప్రభుత్వము రాష్ట్రముల నన్నిటిని ఆ వ్యాధిని తప్పక నమోదు చేయవలసినదిగా కోరినది. జూన్ ముగియునాటికి దేశములో 40 వేలకు మించి కేసులు తేలినవి. అదుపు తప్పిన మధుమేహమును, అవసరము లేనిచోట, అవసరమునకు మించిన మోతాదులో వాడిన స్టీరాయిడ్లును అందుకు ముఖ్యకారణములని వైద్యులు గుర్తించిరి. కన్నులు పోగొట్టుకొన్నవారు మన తెలుగు జిల్లాలలోను ఉన్నారు.

ఇక గృహస్థులమైన మనము చేయదగిన దేమి?

మొదటిది, దినములు లెక్కపెట్టుట. దగ్గుతో జ్వరము వచ్చిన తొలి దినమును పంచాంగముపైనో, గోడ క్యాలెండరుపైనో గుర్తు పెట్టవలెను. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే. చాలమంది మొదటి వారములోనే తేరుకొందురు. తేరుకొననివారిలో ఏడవ దినము మొదలు పది పండ్రెండు దినముల వరకు, ముఖ్యముగా కోవిడ్ లో, మిక్కిలి జాగ్రత్తగా కనిపెట్టవలెను. ఇన్‌ఫ్లుయెంజాలో ఈ గండము ఇంకను ముందుగానే రావచ్చును.

రెండవది, జ్వరముకన్న ఊపిరిని గమనించుట. మాట్లాడుచు మధ్యలో ఆగవలసి వచ్చుట, నాలుగడుగులు నడిచినంతనే ఆయాసము, పెదవులు నీలవర్ణమగుట, మగతగా నుండుట—ఇవి ప్రమాదసూచనలు. వ్రేలికి తగిలించు చిన్న యంత్రము, ఆక్సీమీటరు, ఇప్పుడు అనేక గృహములలో నున్నది. అందులో అంకె 94కు తగ్గినచో వెంటనే వైద్యుని సంప్రదింపవలెను. కొందరికి ప్రాణవాయువు తగ్గిపోయినను ఆయాసము తెలియదు. కనుక "నాకేమి, బాగుగనే యున్నాను" అను పెద్దల మాటను మాత్రమే నమ్మి యూరకుండరాదు.

మూడవది, స్టీరాయిడ్ మాత్రలను సొంతముగా మొదలుపెట్టకుండుట. అట్లే, ఉబ్బసమునకో, కీళ్ల వ్యాధికో వైద్యుని ఆజ్ఞపై వానిని ఏనాటినుండియో వాడుచున్నవారు, ఈ ప్రసంగము విని తటాలున మానివేయరాదు. అదియు ప్రమాదమే. మొదలుపెట్టుటయు, మానుటయు వైద్యుని మాటమీదనే జరుగవలెను.

నాలుగవది, టీకాలు. టీకా చేయు పని యేమనగా, నిప్పు రాజుకొనకముందే కాపలావారికి దొంగ ముఖము చూపించి యుంచుట. వారు వైరస్ ను తొలి దినములలోనే పట్టుకొందురు. దండోరా కొద్దిసేపు మ్రోగి ఆగిపోవును. ఇన్‌ఫ్లుయెంజాకును, కోవిడ్ కును, న్యుమోకాకస్ అను బాక్టీరియాకును టీకాలున్నవి. ముఖ్యముగా వృద్ధులకు, మధుమేహము, గుండెజబ్బు గలవారికి అవి అవసరమా అని కుటుంబవైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది.

మా బంధువుల యింటి చీటీ మాటతో ముగింతము. ఆ చీటీ వ్రాసిన వైద్యుడు తప్పు చేయలేదు. దానిని పంపినవారు ప్రేమతోనే పంపిరి. అందులో మందు పేరు ఉన్నది, మోతాదు ఉన్నది, తేదీయు ఉన్నది. పై మూలలో నున్న ఆ తేదీని మాత్రము ఎవ్వరును చదువలేదు. అది రోగికి పదవ దినమని ఎవ్వరును లెక్కింపలేదు. ఇకమీదట మన యిండ్లలో ఎవరికైనను జ్వరము వచ్చి, ఎవరైనను ఆప్తులు "ఈ మందు వాడండి, మాకు పనిచేసినది" అని చెప్పినచో, వారికి నమస్కరించి ఒక్క ప్రశ్న అడుగుదము: "అది మీకు ఎన్నవ దినము?" ఆ పిమ్మట చీటీని ప్రక్కన పెట్టి, మన రోగిని వైద్యునికి చూపుదము.